వెల్లుల్లి వెయ్యని కారం

మా ఆయన బాలస్వామికి వస్తువులు దాచడం చేతకాదు. బాలింత కారానికని జగ్గయ్యపేట బజారులో నేను ఏరి ఏరి కొన్న శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము అన్నీ మూటగట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు, అమ్మాయి కంట పడకూడదని. మర్నాడు అన్నం కూడా పిప్పళ్ల వాసన కొట్టింది.

జాయిస్ మా ఒక్కగానొక్క కూతురు. కాన్పుకు నందిగామలోని మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది గానీ ఏడవలేదు. ఆసుపత్రి నుంచి మేం ఒట్టి చేతులతో ఇంటికొచ్చాం. అప్పట్నుంచి నా బిడ్డ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. రెండు ముద్దలు తినమంటే, "ఎవరికోసమమ్మా?" అంటుంది. ఇలా తినకపోతే ఇది కూడా నాకు దక్కదేమోనన్న భయం పట్టుకుంది.

నేను డబ్బాలోంచి మూట తీస్తుంటే పలకరించడానికొచ్చిన పక్కింటి సౌభాగ్యమ్మ చూసింది.

"ఇంకా కారమెందుకు రత్నమణీ? బిడ్డే లేకపోయాక పథ్యమేంటి?"

మంచి మనిషే. అయినా నాకు ఒళ్లు మండింది.

"బిడ్డ పోయిందండీ. నా కూతురు బాలింతరాలు కాకుండా పోయిందా? నవమాసాలు మోసి కన్నది అబద్ధమా?"

లోపల జాయిస్ వింటుందన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

ఆ కోపంలోనే మూకుడు పొయ్యి మీద పెట్టాను. ధనియాలు దోరగా వేగాయి. జీలకర్ర చిటపటలాడింది. మిరియాలు, పిప్పళ్ల ఘాటు ఇల్లంతా అలుముకుంది. వాము చివర్లో వేశాను, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. వసారాలో మా ఆయన తుమ్ముతూ, "ఆ వాసన దానికి తగలకూడదనే కదే దాచాను," అన్నాడు.

"తగలాలనే వేయిస్తున్నా, ఊరుకోండి."

శొంఠి కూడా వేసి దంచాక వెల్లుల్లి మిగిలింది. ఒలిచి పెట్టుకున్నాను కూడా. బాలింత కారానికి ప్రాణం వెల్లుల్లే. పాలు బాగా పడతాయని ఏ తల్లి అయినా కూతురికి గుప్పెడు ఎక్కువే వేస్తుంది. నా పిల్లకు అడక్కుండానే పాలొస్తున్నాయి. తడిసిన జాకెట్లు నాకు కనపడకుండా తనే ఉతికి ఆరేసుకుంటోంది. ఆ రెబ్బలు చేతిలో పట్టుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత తీసి పక్కన పెట్టేశాను.

వేడన్నంలో నువ్వుల నూనె పోసి, కారం కలిపి ముద్ద పట్టుకెళ్లాను. ఆ ఘాటుకి గోడవైపున్న ముఖం ఇటు తిరిగింది. నోట్లో పెడితే నమిలింది.

"వెల్లుల్లి వెయ్యలేదా?"

"వెయ్యలేదమ్మా."

నా ముఖంలోకి చూసింది. తర్వాత నా ఒళ్లో తల పెట్టి, ఇంటికొచ్చాక మొదటిసారి, బిగ్గరగా ఏడ్చింది. చేతినిండా కారం కావడంతో మోచేత్తోనే దగ్గరకు తీసుకున్నాను.

కాసేపటికి లేచి ముఖం తుడుచుకుంది.

"ఇందాక సౌభాగ్యమ్మగారితో నన్నేమన్నావు?"

"బాలింతరాలివన్నా."

"ఇంకోసారి అనమ్మా," అని, రెండో ముద్దకు నోరు తెరిచింది.