కన్యారాశిలో గీత

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవిలో, కడప హైస్కూలు సైన్సు మాస్టరు కంబన్న కర్నూలు బస్సెక్కాడు. అక్కడి కాలేజీ లైబ్రరీకి ఎప్పుడో ఆలస్యంగా చేరే అమెరికా పత్రికలో ఒక ఫొటో వచ్చిందని విన్నాడు. దాన్ని చూడ్డానికే ఆ ఎండలో ప్రయాణం.

ఫొటోలో కాగితం మీద పడ్డ నూనె చుక్కలాగా మసకగా ఒక గుండ్రని వెలుగు ఉంది. మన పాలపుంతలాంటిదే, కోట్లాది నక్షత్రాల గుంపు. కన్యారాశి వైపున, ఊహకందనంత దూరాన ఉంది. దాని నడిమధ్య నుంచి సన్నటి వెలుగు గీత ఒకటి తిన్నగా బయటికి పొడుచుకొచ్చింది. అక్కడేదో మహావేగంతో చిమ్ముతోంది. గుంపు నడుమ ఉన్న వాయువు కూడా వెలుగుతోందనీ, ఆ వెలుగును రంగులుగా విడదీసి చూస్తే అవి ఉండాల్సిన చోటు నుంచి కాస్త పక్కకు జరిగాయనీ, అంటే వాయువు కదులుతున్నట్టేననీ వ్యాసంలో రాశారు. ఆ చిమ్మే ధారే వాయువును నెట్టి, వేడెక్కించి, వెలిగిస్తోందా? కంబన్నకు అలాగే అనిపించింది. వ్యాసం మాత్రం తేల్చి చెప్పలేదు.

కడపకు వచ్చాక ఈ సంగతి చెప్పుకోడానికి మనిషి దొరకలేదు. తోటి మాస్టర్లు వడగాలి గురించి మాట్లాడుకుంటున్నారు. హెడ్మాస్టరు సగం విని, "ఇది సిలబస్సులో ఉండాదా?" అన్నాడు.

పక్కింటి ఖాసిం వలి ఒక్కడే పూర్తిగా విన్నాడు. అతను సినిమా హాల్లో ఆపరేటరు.

"అయ్యోరా, ఆ బొమ్మను గాజు పలక మీదికి ఎక్కించుకొని రాండి. ఆట మొదలయ్యే ముందు సబ్బులవీ బీడీలవీ స్లైడ్లు ఏస్తాండాం గదా, వాటి నడుమ దీన్నీ ఏస్తా. ఊరంతా చూస్తాది."

కంబన్న మళ్ళీ కర్నూలు వెళ్ళాడు. లైబ్రరీలో బతిమాలి పత్రికను ఫొటో స్టూడియోకు తీసుకుపోయి, స్లైడు చేయించుకొని, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. హాలు యజమాని శేషన్న అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

"మాటలు గబగబా ముగించల్ల. జనం సినిమాకొచ్చింటారు, పాఠానికి కాదు."

ఆదివారం మధ్యాహ్నం ఆటకు కంబన్న ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. చేతిలో స్పిరిట్ దీపం, ఉప్పు పొట్లం ఉన్నాయి. మంటలో ఉప్పు చల్లితే మంట పసుపుపచ్చగా మారుతుంది. ఒక్కో పదార్థం వేడెక్కితే తనదైన రంగులో వెలుగుతుందని అలా చూపిస్తే, ఆ దూరపు వాయువు సంగతి అందరికీ అర్థమవుతుందని అతని ఆశ. తలుపు దగ్గరే శేషన్న దీపం లాక్కున్నాడు.

"హాల్లో మంటా? రీలు అంటుకుంటే ఏం గతి?"

చెప్పదలచుకున్నదాంట్లో సగం అక్కడే పోయింది. పళ్ళు బిగించి కంబన్న తెర పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. బీడీల ప్రకటన తర్వాత ఆ నక్షత్రాల గుంపు తెర మీదికి వచ్చింది. పత్రికలో వేలెడంత ఉన్నది ఇక్కడ గోడంత అయింది. అతను నోరు తెరిచేలోపే నేల టిక్కెట్టు వైపు నుంచి కేక.

"గీత పడిండాది! తుడువప్పా!"

"యాడిదప్పా ఈ పాత సరుకు!"

ఈలలు మొదలయ్యాయి. "అది గీకుడు కాదు! నిజంగానే ఆడ ఉండాది!" అని కంబన్న అరిచాడు. ముందు వరుసలో వాళ్ళకైనా వినపడిందో లేదో.

పైన ప్రొజెక్టరు గదిలో ఖాసిం వలికి వినపడింది ఒకే మాట, తుడువమని. ఏళ్ళ తరబడి ఆ మాట వినడం, తుడవడం అతనికి అలవాటు. స్లైడు లాగి గుడ్డతో గట్టిగా రుద్దాడు. ప్రొజెక్టరు దీపం వేడికి మెత్తబడ్డ నల్లటి పూత గుడ్డకు అంటుకుని లేచిపోయింది. మళ్ళీ తెర మీద పడేసరికి ఆ గీత చుట్టూ ఉన్న ఆకాశమంతా తెల్లబడింది. ఆ తెలుపులో గీత కలిసిపోయింది.

"ఆఁ, ఇప్పుడు బాగుండాది!" అని జనం చప్పట్లు కొట్టారు.

కంబన్న బయటికి నడిచాడు. వెనకే పరిగెత్తుకొచ్చిన ఖాసిం వలి, "తప్పయిపాయ అయ్యోరా, చెయ్యి దానంతటదే పోయినాది" అన్నాడు. కంబన్న అతని మొహం చూడలేదు.

ఇంకో స్లైడు చేయించుకుందామని మూడోసారి కర్నూలు వెళితే, పత్రికలన్నీ బైండింగుకు మద్రాసు పంపామన్నారు. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. తిరుగు బస్సులో అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

ఒక సాయంత్రం బడి వదిలే వేళకు ఖాసిం వలి గేటు దగ్గర కనిపించాడు. పక్కనే నడుస్తూ, "ఆ పొద్దు ఏం చెప్పాలనుకున్న్యారో నాకన్నా చెప్పండి" అన్నాడు. కంబన్న ముక్తసరిగా చెప్పాడు. ధార చిమ్మడం, వాయువు కదలడం, వెలగడం.

"అట్ల నెట్టేసిన వాయువు మళ్ళా ఎనక్కి వస్తాదా, పోయినట్టేనా?"

"తెలీదు."

"మీకు తెలీదా?"

"ఎవురికీ తెలీదు ఖాసిం! చూడల్లంటే పెద్ద దుర్బిణి కావల్ల. అది ఈడ లేదు. చదవల్లంటే పత్రిక కావల్ల. అదీ లేదు!"

రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఖాసిం వలి నొచ్చుకోలేదు. "వస్తాదంటారా మీరు?" అన్నాడు.

కంబన్న వడివడిగా నడిచాడు. మలుపు తిరిగాక ఆ ధార సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు, ఇంకా కోపంగానే.