బేలు మీద వేడి

చిల్లకల్లు దాటాక హైవే పక్కన ఉన్న స్పిన్నింగ్ మిల్లుకి వైదేహి వెళ్లడం అదే మొదటిసారి. నందిగామలో చిన్న గది అద్దెకి తీసుకుని, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కరెంటు ప్యానళ్లని థర్మల్ కెమెరాతో తనిఖీ చేసి రిపోర్టులివ్వడం ఆమె పని. మూడేళ్లుగా రైసు మిల్లులూ కోల్డ్ స్టోరేజీలే దొరికాయి. ఇంత పెద్ద చోటు నుంచి పిలుపు రావడం ఇదే మొదలు. పని నచ్చితే మూణ్ణెల్లకోసారి తనిఖీకి ఏడాది అగ్రిమెంటు రాసిస్తానని మేనేజరు చెన్నకేశవరావు ఫోన్లోనే చెప్పాడు.

మిల్లు ఎలక్ట్రీషియన్ ఇశ్రాయేలు యాభై దాటిన మనిషి. ప్యానళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరిచి పక్కన నిలబడ్డాడు.

"తలుపు మూసుంటే కనపడదా మేడం?"

"కనపడదండి. ఇది లోపలికి చూసే కెమెరా కాదు. పైకి తేలిన వేడిని మాత్రమే చూస్తుంది."

మెరిసే రాగి పట్టీల మీద వచ్చిన అంకెల్ని ఆమె రాసుకోలేదు. అవి అద్దంలా ఎదురుగా ఉన్నవాటి వేడిని చూపిస్తాయని ఇశ్రాయేలుకి చెప్పి, పక్కనున్న కేబుళ్ల నల్ల తొడుగుల మీద చూసింది. ఒక ప్యానల్లో మూడు కేబుళ్లలోనూ ఒకే కరెంటు పోతోంది. మధ్య కేబుల్ మాత్రం మిగతా రెండింటికన్నా ముప్ఫై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. బోల్టు వదులైంది. ఇంకో నెల ఆగితే ఆ ప్యానల్ కాలిపోయేదే.

ఆ మాట విని చెన్నకేశవరావు స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. పనివాళ్లలో ఆడవాళ్లని తల్లీ అంటాడు, మగవాళ్లని నాన్నా అంటాడు. కెమెరా తెర మీద రంగుల్ని చూసి ముచ్చటపడ్డాడు. వైదేహికి ఉత్సాహం వచ్చింది. ఎక్కడికెళ్లినా చేసి చూపించే పనొకటి ఉంది ఆమెకి. అరచేతిని గోడకి ఆనించి, పది లెక్కపెట్టి తీసేసింది. గోడ మీద ఏమీ లేదు. తెర మీద మాత్రం అయిదు వేళ్లూ ఎర్రగా నిలిచాయి.

చెన్నకేశవరావు ఆ వేళ్ల గుర్తు మాసిపోయేదాకా చూసి, "మనిషి కూర్చుని లేచినా కనిపిస్తుందా అమ్మా?" అన్నాడు.

"కనిపిస్తుందండి, కాసేపు."

"ఒకసారి ఇటివ్వండి."

కెమెరా పట్టుకుని నేరుగా పత్తి బేళ్ల గోడౌన్లోకి నడిచాడు. వైదేహి వెనకే వెళ్లింది. అక్కడ బేళ్ల కట్లు కోసి పత్తిని మిషన్లకి అందించేవాళ్లు ఆరుగురున్నారు. షిఫ్టులో ఎవరూ కూర్చోకూడదన్నది ఆ మిల్లు రూలు. ఆయన వరసగా బేళ్ల మీదికి కెమెరా తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. కింది వరసలో, మోకాలెత్తున, ఒక బేలు మీద పళ్లెమంత ఎర్రటి మచ్చ. చుట్టూ ఉన్నదానికన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ.

ఆ బేలు పక్కన ఉన్నది ఆరోగ్యమ్మ. పదకొండేళ్లుగా అక్కడే పని చేస్తోంది.

"తల్లీ, ఇటు రా. ఎంతసేపు పడుకున్నావు?"

"పడుకోలేదు సార్. కూర్చోనూ లేదు."

"మేడం, మీ కెమెరా అబద్ధం చెబుతుందా?"

వైదేహి ఆ మచ్చనే చూస్తోంది. మనిషి కూర్చున్న గుర్తు ఇంకా వెడల్పుగా, అంచులు చెదిరినట్టుగా ఉండాలి. రెండు మూడు నిమిషాల్లో మాసిపోవడం మొదలవ్వాలి. ఆగి మళ్లీ చూడాలి. ఇవన్నీ ఆమెకి తెలుసు. కాని ఆయన అడిగింది కెమెరా గురించి. అగ్రిమెంటు కాగితం సంతకం కాకుండా ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది.

"కెమెరా అబద్ధం చెప్పదండి," అంది.

"విన్నావుగా."

"సార్, ఆ బేలు దగ్గర పొద్దున్నుంచి కమురు వాసన వస్తంది. సూపర్‌వైజర్‌కి చెప్పా కూడా."

"తప్పు దొరికాక అందరికీ వాసనలు గుర్తొస్తాయి తల్లీ."

మిగతా అయిదుగురినీ దగ్గరికి పిలిచాడు. కెమెరాని ఆరోగ్యమ్మ వైపు తిప్పాడు. తెర మీద ఆమె మొహం, మెడ, చేతులు పసుపూ ఎరుపూగా వెలిగాయి. "చూడండి నాన్నా. బేలూ ఎర్రగా ఉంది, ఈమె వొళ్లూ ఎర్రగా ఉంది. ఇంకేం కావాలి సాక్ష్యం?" అన్నాడు. ఒక్కొక్కరినీ వచ్చి చూడమన్నాడు. చూడనన్నవాళ్లు లేరు. ఒకతను నవ్వి, తెరని సెల్‌ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. ఆయన అడ్డు చెప్పలేదు. "వెనక్కి తిరుగు తల్లీ, అదీ చూస్తారు," అన్నాడు. ఆరోగ్యమ్మ తిరిగింది. ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆయన ఆమె మెళ్లోని ఐడీ కార్డు తనే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆరోగ్యమ్మ ఏడవలేదు. టిఫిన్ డబ్బా తెచ్చుకుని, వైదేహి మొహంలోకి ఒక్కసారి చూసి, గేటు వైపు వెళ్లిపోయింది.

వైదేహి కెమెరా తీసుకుని మళ్లీ ప్యానళ్ల దగ్గరికి వచ్చింది. రెండు ప్యానళ్లు చూసింది కాని అంకెలు బుర్రకెక్కలేదు. అరగంట తర్వాత ఇశ్రాయేలుతో, "ఒకసారి గోడౌన్లోకి వెళ్దామండి," అంది.

మచ్చ మాసిపోలేదు. ఇంకా పెరిగింది. ఇప్పుడు తొమ్మిది డిగ్రీల తేడా. బేలు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. కాని బిగించి కుక్కిన పత్తి వేడిని అంత తేలిగ్గా బయటికి రానివ్వదు. బేలు కట్టేటప్పుడు లోపల పడ్డ నిప్పురవ్వ రోజుల తరబడి రాజుకుంటూ ఉండగలదు. పైన ఈ మాత్రం ఉందంటే లోపల ఏముందో ఆమెకి అర్థమైంది.

"ఇశ్రాయేలుగారూ, దీన్ని బయటికి లాగించండి. లోపల నిప్పుంది."

నలుగురు కలిసి ట్రాలీ మీద ఆరుబయటికి తెచ్చారు. నీళ్ల గొట్టం పట్టుకున్నాక కట్లు కోశారు. లోపల పిడికిలంత నల్లటి గుంట. గాలి తగలగానే ఎర్రబడి భగ్గున లేచింది. ఇశ్రాయేలు నీళ్లు కొడుతూనే, "పొద్దున్నే చెప్పింది ఆవిడ," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. ఆ నిప్పు సాయంత్రం దాకా లోపలే ఉండుంటే గోడౌన్ మిగిలేది కాదు.

చెన్నకేశవరావు గదిలో వైదేహి నిలబడే మాట్లాడింది.

"ఆరోగ్యమ్మని వెనక్కి పిలిపించండి సార్. తప్పు ఆవిడది కాదని తేలింది కదా."

"తెలుసమ్మా."

"మరి?"

"అందరిముందూ పంపించినదాన్ని అందరిముందూ తెచ్చుకుంటే, రేపటి నుంచి నేనేం చెప్పినా సార్ పొరబడ్డారేమో అంటారు. ఒక్క మనిషి కోసం నాలుగొందల మందిని పాడుచేసుకోలేను." నీళ్లు తాగి గ్లాసు మీద మూత పెట్టాడు. "బేలు సంగతి రిపోర్టులో రాయండి. మేనేజ్‌మెంట్ స్వయంగా కెమెరాతో గుర్తించింది అని రాయండి. నిజమేగా. ముందు చూసింది నేనేగా."

వైదేహి అలాగే రాసింది. అగ్రిమెంటు మీద ఆయన సంతకం చేసిచ్చాడు.

మూణ్ణెల్ల తర్వాత ఆమె రెండోసారి వెళ్లేసరికి ఆయన సొంతంగా ఒక కెమెరా కొనుక్కున్నాడు. వాడడం నేర్పమన్నాడు. రెండు గంటలు కూర్చోబెట్టి నేర్పింది. పైపైన వేడిని మాత్రమే చూపిస్తుందని, మెరిసేవాటిని నమ్మకూడదని, ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో కెమెరాకి తెలియదని, అది మనిషే ఆలోచించాలని, అనుమానం ఉంటే ఆగి మళ్లీ చూడాలని చెప్పింది. ఆయన పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు. రాయడం అయ్యాక తలెత్తి నవ్వాడు.

"ఇవన్నీ ఆ రోజే చెప్పుంటే బాగుండేదమ్మా."

బయటికొచ్చాక వైదేహి ఇశ్రాయేలుని ఆరోగ్యమ్మ సంగతి అడిగింది. చుట్టుపక్కల ఏ మిల్లులోనూ పని దొరకలేదన్నాడు. పనిలో నిద్రపోయే మనిషని మాట పాకింది. ఆ ఎర్ర బొమ్మ ఫోటో వాట్సాప్‌లో గరికపాడు దాకా తిరిగింది. ఇప్పుడు నందిగామలో మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తోందట.

మర్నాడు పొద్దున వైదేహి అక్కడికి వెళ్లింది. పెద్ద రేకుల షెడ్డు. యాభై మంది ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మిరపకాయల రాశుల ముందు కూర్చున్నారు. ఆరోగ్యమ్మ ముందుగా గుర్తుపట్టి, పని ఆపకుండానే, "ఏంటమ్మా?" అంది.

"ఆ బేల్లో నిప్పుందండి. మీరు కూర్చున్న వేడి కాదు. అది చెబుదామని వచ్చా."

"నేను కూర్చోలేదని నాకు తెలుసుగా."

వైదేహి బ్యాగులోంచి పెన్ను తీసింది. "నేను కాగితం రాసిస్తా. మీ తప్పేమీ లేదని, నా సంతకంతో."

"ఎవరికి చూపించను?"

పక్కనున్నవాళ్లు చేతులాపి వింటున్నారు. ఆరోగ్యమ్మ మొహం మీది గుడ్డ కిందికి లాగింది.

"ఒక్కటి చెప్పండి చాలు. ఆ రోజు నన్ను అటూ ఇటూ తిప్పి చూపించేటప్పుడు, అది నా వేడి కాదేమోనని మీకు అనుమానం వచ్చిందా?"

రాలేదంటే ఇద్దరికీ సులువుగా ఉండేది.

"వచ్చిందండి."

ఆరోగ్యమ్మ తలూపింది. గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుని, గోనె పట్టా దగ్గరికి జరుపుకుని, పనిలో పడింది. వైదేహి ఇంకేదో అంటుందని పక్కవాళ్లు ఎదురుచూశారు. ఘాటుకి కళ్లు మండి ఆమె దగ్గుతూ నిలబడింది. షెడ్డు మేస్త్రీ వచ్చి ఎవరు కావాలని అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి బయటికి వచ్చేసింది.

మిల్లు అగ్రిమెంటులో ఇంకా రెండు తనిఖీలు మిగిలాయి. ఆ రెండూ చేసింది.