చూపుల పూట ఆర్డర్లు

బెంగుళూరు కారు రాయచోటి దాటిందని కబురు వచ్చినప్పటి నుంచీ నాగజ్యోతికి కాలు ఒకచోట నిలవలేదు. కడపలో ఎర్రగుంట్ల రోడ్డు మీద, ఎరువుల అంగడి పైన ఉన్న తన రెండు గదుల ఆఫీసును ఊడ్చిందే ఊడ్చింది, సర్దిందే సర్దింది. కుర్చీలు వరసగా వేస్తే పెళ్ళి పందిరిలా ఉందనిపించి వంకరగా వేసింది. వంకరగా వేస్తే ఎవరో కొట్లాడుకుని లేచిపోయినట్టుందని మళ్ళీ వరసగా వేసింది.

"అక్కా, ఆ కుర్చీలకు గూడా జరం వస్తాది ఇంగ. ఇడిసిపెట్టు," అన్నాడు ఏసుకుమార్. ఆ ఆఫీసులో ఆమె తర్వాత మనిషి అతనే. కాలేజీలో గుమాస్తా ఉద్యోగం వదిలేసి వచ్చి, రెండేళ్ళుగా మోటారు సైకిలు మీద బండల పాలిష్ ఫ్యాక్టరీలన్నీ తిరుగుతున్నాడు. ఆ ఉద్యోగం వదిలినందుకు అతని భార్య రెజీనా ఈ రోజుకూ క్షమించలేదు.

నాగజ్యోతి కంపెనీ పేరు బండబాట. కడప నల్లబండలు, బేతంచెర్ల వైపు రంగు బండలు ఫోనులోనే చూసి, ధర తెలుసుకుని, ఆర్డరు పెట్టుకుని, బండలు దిగినాక డబ్బు కట్టే యాప్ అది. దానికి పెట్టుబడి బెంగుళూరు సంస్థది. అప్పుడే కళ్ళు తెరిచిన ఇంటర్నెట్ కంపెనీల్లో డబ్బు పెట్టడమే అలాంటి సంస్థల వ్యాపారం. పది విత్తనాలు నాటితే ఎనిమిది చస్తాయని వాళ్ళకు ముందే తెలుసు. మిగిలిన రెండింట్లో ఒకటి చింతచెట్టంత అయితే చాలునన్నది వాళ్ళ సేద్యం. మన రైతు అట్లా సేద్యం చేస్తే ఊరంతా నవ్వుతారు. వాళ్ళు చేస్తే పేపర్లో ఫొటో వేస్తారు.

రెండేళ్ళ కిందట వాళ్ళు పెట్టిన తొలి పెట్టుబడి అడుగంటింది. రెండో విడత పెట్టేదీ లేనిదీ కళ్ళారా చూసి తేల్చుకోవడానికి ఆ సంస్థ భాగస్వామి భూపేష్ ఇవాళ వస్తున్నాడు. పెడితే కంపెనీ బతుకుతుంది. పెట్టకపోతే ఉగాదికి షట్టరు దించాల్సిందే. ఈ రెంటికీ మధ్య మరో దారి లేదు.

చిక్కంతా ఎక్కడంటే, బండబాటను చూసేవాళ్ళున్నారు గాని కొనేవాళ్ళు లేరు. ఎక్కడో కర్నూలులో, డోనులో ఇల్లు కట్టుకునేవాళ్ళు అప్పుడొకటి అప్పుడొకటి ఆర్డరు పెడతారు. రోజూ లారీల కొద్దీ బండలు కొనీ అమ్మీ చేసే కడప వ్యాపారులు మాత్రం ఇటు తొంగిచూడరు. వాళ్ళలో సగం మంది ఆమెకు చుట్టాలే. ఎందుకు రారో ఆమెకు అంతుబట్టలేదు.

భూపేష్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పుట్టింది నెల్లూరు, పెరిగింది బెంగుళూరు. తాగే నీళ్ళు కూడా తనవే తెచ్చుకున్నాడు. ఆమె నాలుగు రోజులు కూర్చుని తయారుచేసిన బొమ్మలూ పట్టికలూ చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవేం వద్దు, నాగజ్యోతి గారూ. సాయంత్రం దాకా ఈ మూల కూర్చుంటాను. మీ పని మీరు చేసుకోండి. మామూలు రోజు ఎలా ఉంటుందో చూస్తే చాలు."

ఆ ఆఫీసులో మామూలు రోజంటే ఈగలు తోలుకోవడమే. గోడకు పెద్ద టీవీ ఒకటుంది. ఆర్డరు వచ్చినప్పుడల్లా దాని మీద కొన్నవాళ్ళ పేరు పడి, గంట మోగుతుంది. మంచి రోజుల్లో ముచ్చటపడి పెట్టించుకుంది. ఇప్పుడా టీవీ ఆమెను వెక్కిరిస్తున్నట్టుంది. ఒక్క గంట, ఒక్కటంటే ఒక్కటి మోగించు తండ్రీ అని ఒంటిమిట్ట రామయ్యకు మనసులోనే మొక్కుకుంది.

గంట మోగింది. డోను మేస్త్రీ ఒకాయన వరండాకు బండలు అడిగాడు. కాసేపటికి మళ్ళీ మోగింది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత ఆగలేదు. భూపేష్ ఫోను పక్కన పెట్టి టీవీ వైపు తిరిగాడు. నాగజ్యోతికి ఒళ్ళంతా తేలికైపోయింది. నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. టీవీ మీద సుబ్బరత్నమ్మ పేరు పడింది. వంటగట్టుకు నల్లబండ. సుబ్బరత్నమ్మ ఆమె మేనమామ నరసింహ భార్య. ఆ ఇంట్లో వంటగట్టు మొన్న దసరాకే వేశారు. దాని కింద మారెన్న, ఒక లారీ బండలు. మారెన్న కాపలా ఉండేది నరసింహ బండల ఫ్యాక్టరీకి, పడుకునేది రేకుల షెడ్డులో. ఆ కింద పెద్దక్క అనే పేరు, మూడంతస్తుల మేడకు మెట్లు. పెద్దక్క ఫ్యాక్టరీ ముందర టీ అమ్ముతుంది. ఆమె బంకుకు పైకప్పే లేదు, మేడ ఎక్కడి నుంచి వచ్చింది?

నాగజ్యోతి ఏసుకుమార్ వైపు చూసింది. అతనూ అప్పుడే చదివాడు. మొహం పాలిపోయింది. తనకేమీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఏమిటండీ ఇవాళ ఇంత జోరు?" అన్నాడు భూపేష్.

"సీజన్ సార్. ఉగాది ముందర గృహప్రవేశాలు కదా," అంది నాగజ్యోతి.

అనేసినాక గాని తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. నోరు జారింది అందామంటే అదీ కాదు. నోరే ముందుకొచ్చి ఆమెను కాపాడబోయింది. ఫోన్ మాట్లాడి వస్తానని మెట్ల మీదికి వెళ్ళి, నరసింహకు ఫోన్ చేసింది.

"మామా, ఏం చేస్తాండావు?"

"ఏం చేస్తాండానా? నీ పనే చేస్తాండా. అందురూ ఈడ ఫ్యాక్టరీలోనే ఉండారు. మా లెక్కలు రాసే రంగన్న ఒక్కొక్కరి ఫోన్లో నీ యాప్ ఎక్కిస్తాండాడు. ఆ బెంగుళూరాయప్ప మొగం ఎట్లుండాది? కుశాలగా ఉండాడా?"

"ఎవురు చేయమన్యారు మామా నిన్ను?"

"ఒకరు చెప్పల్లనా పాపా? చూపులకొస్తాండారు గదా! మీ యమ్మను చూసేదానికి మీ నాయనోళ్ళు వచ్చిన పొద్దు మా గాట్లో ఉండింది ఒక్క ముసలెద్దు. ఊర్లో వాళ్ళు తలా ఒక జత తోలకొచ్చి కట్టేసిరి. మీ తాత మీసం మెలేసె. పెండ్లయినాక ఎవురి ఎద్దుల్ని వాళ్ళు తోలకపాయిరి. మీ యమ్మ సంసారం ఏమన్నా చెడిందా?"

"ఇది పెండ్లి గాదు మామా! దీన్ని మోసమంటారు. నామీద కేసు పెడతారు."

"మన బిడ్డకు మనం ఆర్డరు పెట్టుకుంటే మోసమా? ఇదేం చోద్యం? ఆటో తోలే దావీదురాజు చర్చి కాడి నుంచి జనాన్ని ఏసుకొచ్చినాడు. పనులిడ్సిపెట్టి వచ్చినోళ్ళను ఎట్ల పొమ్మందు?"

నాగజ్యోతికి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. వాళ్ళెవరికీ ఇందులో దమ్మిడీ లాభం లేదు. నరసింహ చెల్లెలి కూతురు గట్టెక్కితే చాలునని ఎండలో నిలబడి ఆర్డర్లు పెడుతున్నారు. అట్లాంటివాళ్ళను ఏమని తిట్టేది? "నిలిపెయ్ మామా, నీకు దండం పెడతా," అని మాత్రం అని, మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది.

భూపేష్ టీవీని ఫొటో తీస్తున్నాడు. వచ్చినప్పటి బిగువంతా సడలి, మనిషి నవ్వుతున్నాడు.

"దాచుకోవడం దేనికి, నిజం చెప్తాను. మీకు కాదని చెప్పడానికే వచ్చాన్నేను. ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కుంటూ వచ్చాను. శనివారం పెట్టుబడులు తేల్చే మా కమిటీ కూర్చుంటుంది. ఈ ఒక్క ఫొటో ముందు పెడితే చాలు, ఇంకెవ్వరూ మాట్లాడరు."

ఆమె కుర్చీలో కూర్చుంది. అంటే నిజం ఆమెను ఎప్పుడో ముంచేసింది, అబద్ధం ఒడ్డున పడేసింది. ఇక ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. డబ్బు వస్తుంది. ఏసుకుమార్ జీతం ఆగదు. ఏడాది గడువు దొరికితే నిజం ఆర్డర్లు తేలేకపోతుందా? ఎవరి ఎద్దుల్ని వాళ్ళు తోలుకుపోతారు, పెళ్ళి పెళ్ళిగానే ఉంటుంది. ఏసుకుమార్ దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు, "నీ ఇష్టమక్కా. నేనేమనను," అన్నాడు. ఏమన్నా అని ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

అయితే ఆ ఎద్దుల సంగతిలో మామకు తెలియనిది ఆమెకు తెలుసు. అమ్మ సంసారం చెడలేదన్న మాట నిజమే. కాని నాన్నకు కోపం వచ్చినప్పుడల్లా, కూరలో ఉప్పు ఎక్కువైనా, పొలంలో మోటారు కాలినా, "అరువెద్దుల కొంప నుంచి వచ్చినదానివి, నీకేం తెలుస్తాది" అనేవాడు. అమ్మ మారు పలికేది కాదు. పుట్టింటికి పోయినప్పుడు ఈ మాట ఎవరికీ చెప్పేది కాదు. తన మేలు కోరి చేసిన అబద్ధానికి ఆమె ఒక్కతే ముప్పై ఏళ్ళు తలవంచుకుంది. ఇప్పుడు ఈ గదిలో తను తలవంచుకుంటే, ఎప్పటికి ఎత్తుతుంది?

"సార్, ఆ ఫొటో ఎవరికీ పంపొద్దండి," అంది. "సీజన్ అని అబద్ధం చెప్పాను. వీళ్ళంతా మా మామ మనుషులు. మీరు వస్తున్నారని ఆర్డర్లు పెట్టారు. నాకు ఇప్పుడే తెలిసింది. డోను మేస్త్రీది ఒక్కటే నిజం."

భూపేష్ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. టీవీ వైపు చూశాడు. అప్పుడు కూడా గంట మోగుతూనే ఉంది. ఏసుకుమార్ పోయి దాని తీగ పీకేశాడు.

"మీరు చెప్పకపోతే మావాళ్ళు పట్టుకునేవాళ్ళో లేదో," అన్నాడు భూపేష్. "చెప్పారు. సంతోషం. కాని నిజం చెప్పారని పెట్టుబడి పెట్టలేను కదండీ, అది వేరు, ఇది వేరు. రెండేళ్ళయినా మీ ఊరివాళ్ళే మీ దగ్గర కొనడం లేదు. ఈ విడత మేము రాలేము." ఫోనులోంచి ఫొటో చెరిపేసి, తన నీళ్ళ సీసా తీసుకుని లేచాడు.

ఆమెకు బతిమాలాలనిపించింది. లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

మెట్ల మీద అతనికి నరసింహ ఎదురయ్యాడు. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో అరిటాకులు. సంగటి, నాటుకోడి పులుసు, చుట్టానికని సుబ్బరత్నమ్మ తెల్లారుజామునే లేచి చేసింది. భూపేష్ ఆయనకు నమస్కారం పెట్టి, బెంగుళూరు చేరాలండీ అని పక్క నుంచి దిగిపోయాడు. కారు కదిలిపోయేదాకా చూసి, నరసింహ లోపలికి వచ్చాడు.

"ఏం పాపా, ఆయప్ప తినకుండా పోతాండాడు? నచ్చలేదా?"

అప్పటిదాకా పంటి బిగువున ఉన్న నాగజ్యోతి ఇక ఆగలేకపోయింది.

"ఈ పొద్దు నాకోసం అబద్ధం ఆడేదానికి ఊరంతా కదిలొచ్చిరి గదా మామా! ఆటోలు కట్టుకొని వచ్చిరి. రెండేండ్లుగా నా దగ్గర నిజంగా ఒక్క బండ కొనేదానికి ఒక్కరన్నా ఎందుకు రాలేదు? నువ్వు వారం వారం లారీ దింపుతావు, లారీ ఎత్తుతావు. నువ్వెందుకు రాలేదు?"

నరసింహ క్యారియరు కింద పెట్టాడు. ఏసుకుమార్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"యాప్ బాగుండాదా మామా అని అడిగితివి. బాగుండాది అంటి," అన్నాడు మెల్లగా. "ఆడబిడ్డ అంత కష్టపడి చేసుకొచ్చి చూపిస్తే, బాగలేదని ఎవురన్నా అంటారా పాపా?"

"ఇప్పుడు అడుగుతాండా. చెప్పు. ఎట్లుండాది?"

ఆయనకు చెప్పాలని లేదు. పులుసు చల్లారిపోతాదన్నాడు, ముందు రెండు ముద్దలు తినమన్నాడు. ఆమె కదలలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, ఆమె మొహం చూడకుండా, "బాగలేదు పాపా," అన్నాడు.

"ఏం బాగలేదు?"

"ధర అందురికీ కనబడేటట్టు పెడితివి. మాది చెవిలో చెప్పుకునే యాపారం. బావమరిదికి ఒక ధర, పైవానికి ఒక ధర. రెండూ ఒకే అద్దంలో కనబడితే ఇంట్లో తలకాయ ఎత్తుకోలేం. నువ్వు మమ్మల్ని అందురి ముందరా గుడ్డలిప్పమంటాండావు. ఇంగ ఆ ఫొటోలు. బండను కట్టెతో తట్టి, మోత ఇనకుండా కొంటామా? పగులుండేది కంటికి కనబడదు, చెవికే తెలుస్తాది. మాతోబాటు యాపారం చేసే శివశంకర్ ఒకసారి కొనల్లని చూసి ఇదే అన్యాడు. గోపన్న గూడా అన్యాడు. మాలో మేము శానా సార్లు అనుకున్యాం."

అందరికీ తెలుసు. కలిసినప్పుడల్లా అందరూ అనుకున్నారు. ఆమె ఒక్కదానికి తప్ప అందరికీ చెప్పుకున్నారు. ఏసుకుమార్ తల దించుకున్నాడు. నాగజ్యోతి కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతుంటే నరసింహ కంగారుపడ్డాడు. తువ్వాలు ఆమె చేతికిస్తూ, "ఉత్తదే లేమ్మా, బాగానే ఉండాది, నేనేదో అంటి," అన్నాడు.

ఆమె తువ్వాలు తోసేసింది.

"ఆపొద్దు మామా," అంది. "ఇంకా చెప్పు."