ముందు నా చెయ్యి

"మెషిన్ పాడైనట్టుంది, బ్యాటరీలు మార్చి చూడు" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ ఇంట్లో పొద్దున్నే బీపీ చూడటం ఆమె పని. ముందు అత్తగారికి, తర్వాత ఆయనకి. వాళ్ళ మాత్రలు, చప్పిడి కూర, సాయంత్రపు నడక, అన్నీ ఆమె నెత్తినే. ఆ మెషిన్ పట్టీ ఆమె చేతికీ చుట్టొచ్చని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు, ఆమెకి కూడా. ఇవాళ అత్తగారు తన బీపీ అంత బాగుందంటే నమ్మనని మొండికేయడంతో, మెషిన్‌ని పరీక్షిద్దామని ఆమె తన చేతికి చుట్టుకుంది. అంకె ఎక్కడికో పోయింది. భర్త అన్న మాట అప్పటిదే. కొత్త బ్యాటరీలు వేసినా అంకె దిగలేదు. క్షణం కూర్చోని మనిషికి బీపీ ఏమిటని అత్తగారు నవ్వేసింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం, తల వెనక బరువు, అన్నీ ఇన్నాళ్ళూ పని అలసట కిందే జమ.

కూరగాయలకని బయల్దేరి ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ గుండెకి స్కాన్ తీస్తూ తెరని ఆమె వైపు తిప్పింది. "చూడమ్మా, నీ గుండె."

ఆమె తలెత్తి చూసింది. చీకట్లో ఒక చిన్న తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎవరూ పిలవకుండానే, ఎవరూ మెచ్చుకోకుండానే. తను పుట్టకముందు నుంచీ ఇదే పని. కాన్పుల్లో, జ్వరాల్లో, స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడ్చిన రోజుల్లో, ఒక్క పూట సెలవడగకుండా. ఇంత అద్భుతాన్ని ఒంట్లో పెట్టుకుని, ఇన్నాళ్ళూ గిన్నెలు ఎలా తోమానా అనిపించింది. కళ్ళు చెమర్చాయి.

"ఎక్కువ రక్తపోటుకి ఎదురు నెట్టీ నెట్టీ గుండె గోడ మందమెక్కింది. ఇలాగే వదిలేసుంటే గుండెపోటో పక్షవాతమో వచ్చేది" అంది డాక్టరమ్మ. మందులు వాడితే, ఉప్పు తగ్గించి రోజూ నడిస్తే, కంటినిండా నిద్రపోతే దారికొస్తుందట. ఉప్పనగానే ఆమెకి నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ చప్పిడిగా వండి, పిల్లలు వదిలేసిన ఉప్పు కూర పారేయలేక తినేది తనే కదా.

మర్నాడు అత్తగారు అలవాటుగా చెయ్యి చాచింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, పట్టీ తన చేతికి చుట్టుకుంది. అది బిగుస్తుంటే లోపలి చిన్న తలుపు మళ్ళీ కళ్ళకు కట్టింది.

"ఇంకా ఆ పాడు మెషినేనా?" అన్నాడు భర్త.

"మెషిన్ బాగానే ఉందండీ. బాగాలేనిది నేను. పేపర్ పక్కన పెట్టి ఇలా రండి, మీకూ అత్తయ్యకీ బీపీ మీరే ఎలా చూడాలో నేర్పిస్తాను."