వెనక కాళ్ల కింది ఇసుక

గవరయ్య కాలరును పోలీసు ఇన్‌స్పెక్టర్ పట్టుకునే సమయానికి, గార్డెన్ రీచ్ రేవులో ఒరిగిపోయిన క్రేన్ కింద నుంచి బైరాగి శవాన్ని ఇంకా బయటికి తీస్తూనే ఉన్నారు.

క్రేన్ నడిపింది గవరయ్య. కింద నిలబడి సైగలు చేసింది అతని చెల్లెలి భర్త బైరాగి. గవరయ్య పరిమితికి మించి బరువెత్తాడని చీఫ్ ఇంజనీర్ రామనాథం అప్పటికే తేల్చేశాడు.

"మా బావని నానే సంపుకున్నానా, దాదా? నానెత్తింది ఆ ఒక్క పెట్టే. దాని మీద బరువు రాసుంది, సూసుకో."

ఇన్‌స్పెక్టర్ చూడలేదు. ప్రమాదం కబురు విని ఆఫీసు నుంచి వచ్చిన జూనియర్ ఇంజనీర్ సుందరి చూసింది. క్రేన్ మోయగలిగినదాంట్లో సగం కూడా లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా క్రేన్ వెనక కాళ్ల దగ్గరికి నడిచింది. పునాదిగా నేలలోకి దింపిన అక్కడి కాంక్రీటు స్తంభాలు, పైల్స్, ఇసుకలోంచి ముల్లంగి దుంపల్లా పైకి లేచి ఉన్నాయి. నదివైపు పైల్స్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె వెనకే వచ్చిన రామనాథం మెల్లగా అన్నాడు. "పైల్స్‌లో తప్పేం లేదమ్మా. మోయాల్సినదానికి రెట్టింపు బరువు పెట్టి చూశాం, దిగలేదు."

"నొక్కి చూశారు సార్. లాగి చూడలేదు."

క్రేన్ నదివైపు బరువెత్తినప్పుడు ముందు పైల్స్‌ని నొక్కుతుంది, వెనక పైల్స్‌ని పైకి లాగుతుంది. నొక్కితే పైల్‌ని కింద మొన దగ్గర గట్టి ఇసుక కూడా మోస్తుంది. లాగితే ఆ మొన ఎందుకూ పనికిరాదు; పక్కల ఇసుక పట్టు ఒక్కటే దిక్కు. లాగుడు పరీక్ష చేయాలని పట్టుబట్టినందుకే సుందరిని రేవుకి దూరంగా సాల్ట్ లేక్ ఆఫీసుకి పంపేశారు. ఆ తర్వాత, ప్రారంభోత్సవం దగ్గరపడిందని, పక్కనే గొట్టంతో నీళ్లు చిమ్మి ఇసుకను వదులు చేస్తూ పైల్స్ దింపారు. చివరి జానెడు మాత్రం సుత్తితో కొట్టి మొనను బిగించారు. పని చేసిన కూలీలు ఈ మాట ఆమెకు ఇందాకే చెప్పారు.

సుందరి ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి ఇదంతా బెంగాలీలో విడమరిచి చెప్పింది. ఆయన చెయ్యి గవరయ్య కాలరు మీద సడలింది.

"పరీక్ష ఆపిందెవరు? నీళ్లు కొట్టమన్నదెవరు?"

కూలీలు తలలు దించుకున్నారు. ఉద్యోగం జాగ్రత్తని రామనాథం సుందరితో తెలుగులో గొణిగాడు.

సుందరి అతని వైపు చెయ్యి చాపింది.

"రెండూ ఈయనే. మా చీఫ్ ఇంజనీర్ రామనాథం."