తలుపు పెట్టుడు

ఆ ఆషాఢంలో షావుకారు కాశీరాం నాకు అప్పగించిన పనులు ఇవి. కోదాడ నుంచి వడ్ల వీరాచారి అనే వడ్రంగిని పిలిపించాలి. మిర్యాలగూడ కమ్మరితో లారీ షెడ్డు తలుపులకు కొత్త బందులు కొట్టించాలి. గడప ముందు పేరుకున్న బురద ఎత్తించాలి. చెక్కకు అవిసె నూనె, బందులకు ఆముదం, రేకులకు ఎర్ర రంగు తెప్పించాలి. తలుపు తెరవడం ఇక సైదమ్మ వల్ల కాదని తేలితే, షెడ్డు పక్కన ఆమె ఉంటున్న గది ఖాళీ చేయవలసి ఉంటుందని ఆమెకు చెప్పాలి.

ఈ చివరి సంగతి నేను చెప్పకముందే ఆమెకు తెలిసింది. సూర్యాపేటలో అట్లాంటి మాటలు మనిషి కంటే ముందే నడుస్తాయి.

అది 1949. రజాకార్ల గడబిడలు సద్దుమణిగి బజారు మళ్ళీ నడుస్తోంది. నేను హైదరాబాదులో బి.ఏ. పూర్తి చేసి కాశీరాం ఆముదాల కొట్టులో గుమాస్తాగా చేరాను. మావాళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు. మా ఇంట్లో బడికి పోయిన మొదటివాణ్ణి నేనే. కొట్టులో ఎవరికీ చెందని పనులన్నీ చదువుకున్నవాడినని నాకే వచ్చేవి. షెడ్డు తలుపు కూడా అట్లాగే వచ్చింది.

షెడ్డు కోదాడ రోడ్డు పక్కన ఉండేది. రాతి గోడలు, పైన రేకులు. తలుపుకు రెండు టేకు రెక్కలు. ఒక్కో రెక్క ఎద్దులబండి అంత వెడల్పు. ఎండకు చెక్క పగలకుండా బయటివైపు రేకు కొట్టించారు. ఆ రేకే చెరుపు చేసింది. వాన నీళ్ళు రేకుకూ చెక్కకూ మధ్య దిగి అక్కడే నిలిచేవి. మధ్యాహ్నం ఎండకు రేకు కాలితే లోపల చెక్క ఉడికినట్టయ్యేది. ముసురు పట్టిందంటే రెక్కలు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకునేవి, బరువుకు కిందికి జారి గడపకు ఒరుసుకునేవి.

ఆ తలుపు తెరిచి మూసే పని సైదమ్మది. పాత లారీకి క్లీనరుగా ఉండి జ్వరంతో పోయిన మట్టయ్య భార్య ఆమె. ఆ పని మీదే షావుకారు ఆమెకు గది ఇచ్చాడు. గదికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతుండేది. వానాకాలం వస్తే ఆమె గడ్డపార రెక్క కింద పెట్టి లేపి, కడియం పట్టి లాగేది. యాభై దాటిన మనిషి. ఆ ఏడు లాగలేకపోయింది. రెండుసార్లు లారీ ఆలస్యంగా బయలుదేరింది. కాశీరాం కోపం చేయలేదు. హమాలీ లింగస్వామి బలమైనవాడనీ, ఉండటానికి చోటు వెతుక్కుంటున్నాడనీ నాతో అన్నాడు, అంతే.

మా దగ్గరి వడ్లవాళ్ళకు ఆ రోజుల్లో నాగళ్ళ పనే తెమిలేది కాదు. వీరాచారి బెజవాడలో మోటారు షెడ్ల తలుపులు చేసి వచ్చినవాడు. అతను వచ్చి రెక్కలను తట్టి, వాసన చూసి, ఈ తడిలో చిత్రిక పట్టకూడదన్నాడు. ఇప్పుడు చెక్కితే ఎండాకాలానికి చెక్క ముడుచుకుని రెక్కల నడుమ పిల్లి దూరే సందు వస్తుందట. రెక్కలు విప్పి, అడుగున రేకు కోసి నీళ్ళకు దారి ఇచ్చి, అంచులన్నిటికీ వేడి నూనె పట్టించి, అది ఆరాక కొత్త బందులకు ఎక్కించాలన్నాడు.

సైదమ్మ అతని పక్కనే కూర్చుని చాలాసేపు చూసింది. చివరికి అడిగింది.

"ఆచారీ, నేనొక్కదాన్నే తలుపు పెట్టేటట్టు జెయ్యయ్యా. నీకు పుణ్యముంటది."

వీరాచారి నవ్వాడు. "నువ్వొక్కదానివి తలుపు పెడతావా అమ్మా? నలుగురు మగాళ్ళకే నడుములు పడిపోతాయి."

"ఇన్నేండ్లు ఎవలు పెట్టిన్రు మరి? నేనే పెట్టిన."

అతను నావైపు చూసి, ముసలమ్మ మాటకారి అన్నట్టు తల ఊపాడు. మావైపు తలుపు పెట్టడమంటే మూయడం. కోదాడ నుంచి అటువైపు మూయడాన్ని వెయ్యడం అంటారు, పెట్టడమంటే కొత్త తలుపు బిగించడం. అప్పుడు నేనూ నవ్వి ఊరుకున్నాను.

రెక్కలు విప్పి నూనె పట్టించిన రోజు కాశీరాం మిర్యాలగూడలో ఉన్నాడు. ధాన్యం బేరానికి లారీ మీద పోయి, బందులు తానే తెస్తానన్నాడు. ఇక్కడ రెక్కలు అప్పుడే విప్పిన సంగతి ఆయనకు తెలియదు. సాయంత్రం లారీ బస్తాలతో తిరిగి వచ్చింది. షావుకారు రాత్రికి అక్కడే ఆగి, డ్రైవరు మల్సూర్‌తో ఒక మాట పంపాడు. మబ్బు పట్టింది, బస్తాలు తడుస్తాయి, పొద్దుగూకక ముందే తలుపులు పెట్టమను, అని.

నేను కొట్టులో ఉన్నాను. జరిగింది తర్వాత తెలుసుకున్నాను. నూనె ఆరలేదు, బందులు రాలేదు, ఇప్పుడెట్లా పెట్టేదని వీరాచారి మల్సూర్‌ను అడిగాడట. సేటు మాట మోసుకొచ్చిన గాని, దాని మతలబు మోసుకురాలేదని మల్సూర్ అన్నాడట. వీరాచారి విసుక్కుంటూనే హమాలీలను పిలిచి, తడి రెక్కలను పాత బందులకే ఎక్కించాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉంచి, లోపల నిలిపిన లారీ బస్తాల మీద తాటిపత్రి కప్పించి, పోతూ పోతూ సైదమ్మతో అన్నాడు: "తలుపు పెట్టేశానమ్మా. నూనె ఆరేదాకా వెయ్యకు."

సైదమ్మకు అందులో రెండు సంగతులు అర్థమయ్యాయి. తలుపు పెట్టాలి, అంటే మూయాలి. సేటు చెప్పి పంపిందీ అదే. వెయ్యొద్దు, అంటే గడియ వేయొద్దు. ఆమె కష్టపడి రెండు రెక్కలూ దగ్గరికి నెట్టింది. గడియ మాత్రం వేయలేదు.

రాత్రంతా వాన కురిసింది. తెల్లవారేసరికి నూనె అంచులు రెండూ బంకలా అతుక్కున్నాయి. కుడి రెక్క పాత బంది మీద జారి, దాని మూల గడప రాతి సందులో దిగబడింది. ఆరోజు అంగడి. బస్తాలతో లారీ కోదాడ మీదుగా పోయి అంగడిని అందుకోవాలి. కాశీరాం కొత్త బందులు మూటగట్టుకుని బస్సు దిగేసరికి షెడ్డు ముందు జనం ఉన్నారు.

సైదమ్మ గడ్డపార వేసింది. రెక్క కదలలేదు. కాశీరాం కళ్ళతోనే లింగస్వామిని పిలిచాడు. లింగస్వామి కాలు గోడకు తన్ని, రెక్కకున్న ఇనుప కడియం పట్టి లాగాడు. కడియం ఊడి చేతికి వచ్చింది, అతను వెల్లకిలా బురదలో పడ్డాడు.

"తలుపు రాకుంటే ఏమాయె, కడెం వచ్చింది గదరా. కొంచవోయి నీ పెండ్లానికి తొడుగు," అన్నాడు మల్సూర్.

అందరూ నవ్వారు. సైదమ్మ నవ్వలేదు. ఆమె చూపు గోనెపట్టా వైపే ఉంది.

తలుపు ఎవరు పెట్టారని కాశీరాం అడిగాడు.

"నేనే పెట్టిన సేటూ. పెట్టుమని నువ్వే అంటివి గద," అంది సైదమ్మ.

"ఆవిడెక్కడ పెట్టిందండీ, పెట్టింది నేను," అన్నాడు వీరాచారి.

"నువ్వు పెట్టి పోలే. నువ్వు పోయినంక నేను పెట్టిన."

"అమ్మా, పెట్టిన తలుపును మళ్ళీ ఏం పెడతావు?"

ఒకరి తప్పు మరొకరు తమ మీద వేసుకుంటున్నారని కాశీరాం అనుకున్నాడు. ఎవరు ఏ మాటకు ఏ అర్థం తీసుకున్నారో నేను వివరించాను. ఆయన విన్నాడు, నవ్వలేదు. బందుల సీలలు కొట్టి రెక్క విప్పించాడు. లారీ పోయేసరికి అంగడి సగమైంది.

తర్వాత ఎండ కాసింది. వీరాచారి నింపాదిగా పని చేశాడు. నూనె ఆరనిచ్చి, కొత్త బందులకు రెక్కలు ఎక్కించాడు. ఒక్కో రెక్క మూల కింద చిన్న ఇనుప చక్రం బిగించి, అది తిరిగే దారిలో నేల మీద వంపుగా ఇనుప పట్టీ పరిచాడు. రెక్క బరువు చక్రం మోసింది. సైదమ్మ ఒక్క చేత్తో తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. ఆమె ముఖంలో నవ్వు నేను చూడటం అదే మొదలు. ఇక గది తనదేనని మల్సూర్‌తో అంది.

కాశీరాం వచ్చి తానూ తెరిచి చూశాడు. వేలుతో లాగితే రెక్క వచ్చింది.

"మంచిగయింది. ఇగ దీనికి మనిషెందుకు? మల్సూరే తీసుకుంటడు, మల్సూరే పెట్టుకుంటడు," అన్నాడు.

ఆ మాటలో కక్ష లేదు. లింగస్వామి పేరు కూడా మళ్ళీ ఎత్తలేదు. గదిలో ఖాళీ గోనెలు వేసుకోవచ్చన్నాడు. సైదమ్మకు నేరేడుచర్లలో చెల్లెలు కాటమ్మ ఉంది. మూట కట్టుకుని, షెడ్డు తాళంచెవి నాకు ఇస్తూ, చీపురు గోడ సందులో ఉందని చెప్పింది. చీపురు సంగతి నాకెందుకు చెబుతోందో తెలియలేదు.

శ్రావణం ముసురులో తెలిసింది. రోడ్డు బురద, ఆముదాల పొట్టు, లారీ చక్రాల మట్టి కలిసి పట్టీ పక్కన గట్టిపడ్డాయి. చక్రాలు తుప్పు పట్టి తిరగడం మానాయి. మల్సూర్ తలుపును రోజూ తన్నేవాడు. ఒకరోజు అది మళ్ళీ రాలేదు. నేను వీరాచారిని పిలిపించాను. అతను కూర్చుని పుల్లతో పట్టీ గీకి, లేచాడు.

"ఇది రిపేరు కాదండీ గుమాస్తాగారూ. ఊడవలేదు, ఆముదం పొయ్యలేదు. అంతే. ఇదివరకు ఎవరు ఊడ్చేవాళ్ళు?"

కాశీరాం నన్ను చూశాడు. నేను మల్సూర్‌ను చూశాను. పాత తలుపు ఉన్నప్పుడు కూడా గడప ముందు సైదమ్మే రోజూ ఊడ్చి, బందులకు ఆముదం రాసేదనీ, ఆ ఏడు ఆమెకు చేతకాక బురద పేరుకుందనీ అప్పుడు గుర్తొచ్చింది. అది ఎవరి పనుల్లోనూ లేదు. ఎవరూ చెప్పలేదు. షావుకారు నన్ను నేరేడుచర్ల పంపాడు.

సైదమ్మ చెల్లెలి ఇంటి ముందు చేటలో వడ్లు చెరుగుతోంది. నేను చెప్పింది విని చేట పక్కన పెట్టింది.

"తలుపు తెరుసుడుకు పెట్టుకున్నరు బిడ్డా నన్ను. ఊడ్సుడు ఎవ్వలు సెప్పలె. పొద్దుగాల లేస్తె చెయ్యి ఊకుంటదా, ఊడ్సిన. గదే పని అని నాకూ తెల్వదు."

ఇప్పుడు అదే పని అనీ, గది మళ్ళీ ఆమెకేననీ సేటు చెప్పమన్నాడని చెప్పాను. ఆమె వస్తానంది, కానీ ఒక్కటి కావాలంది. పొద్దంతా అంత పెద్ద తలుపు కాచి, పండుకునేటప్పుడు గోనెపట్టా కింద కుక్కలను అదిలించలేనంది.

"నా అర్రకు తలుపు గావాలె."

కాశీరాం సరే అన్నాడు. షెడ్డు పనిలో మిగిలిన టేకు ముక్కలతో వీరాచారి చిన్న తలుపు చేశాడు. బిగించే ముందు, సుత్తి చేతిలో ఉండగా, ఆమెను అడిగాడు.

"ముందే చెప్పమ్మా. ఈ తలుపు పెట్టాలా, వెయ్యాలా?"

"నువ్వు పెట్టు ఆచారీ. నువ్వు పోయినంక నేను పెట్టుకుంట."

అతను పెట్టాడు. ఆమె లోపలికి పోయి పెట్టుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఆమె ఉన్నన్ని వానాకాలాలూ షెడ్డు తలుపు ఒక్కసారి కూడా మొరాయించలేదు. అందుకని దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ముసురు పట్టిన రోజున మీ దగ్గర ఏదైనా పెద్ద తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటే, దాని కింద పొద్దున్నే ఎవరో ఊడ్చి ఉంటారు. అప్పుడు ఒక్కసారి మట్టయ్య భార్య సైదమ్మను తలచుకోండి.