పేగు గీత

బెంజమిన్ కూతురికి రొయ్యల చెరువు మందు ఒంట్లో పట్టేసిందని కుళాయి దగ్గర పక్కింటి పుష్పమ్మ అందట. ఆ మాటను స్టెల్లా బిందెతోపాటు ఇంటికి మోసుకొచ్చి మొగుడి ముందు దించింది.

"మందులు కలిపిన చేతుల్తోనే పిల్లకి ముద్ద పెడుతున్నారంట మీరు. అందుకే ఆ కడుపునొప్పంట."

బెంజమిన్ ఆకివీడు పక్కన నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తున్నాడు. తొమ్మిదేళ్ల ప్రీతి మూడు నెలలుగా కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. నెలలో సగం రోజులు బడి లేదు. గౌను భుజాల మీంచి జారుతోంది. పుష్పమ్మ అన్నది నిజమేనేమోనని ఆ పూట మూడుసార్లు చేతులు తోముకున్నాడు.

మర్నాడు ఏలూరు తీసుకెళ్లారు. డాక్టరమ్మ పరీక్షల కాగితాలన్నీ చూసి, "పెద్ద జబ్బేమీ కనపడలేదు. పాప ఏం తింటుంది?" అంది.

"అన్నీ మంచివే కొంటామండి. పొద్దున్న క్రీం బిస్కెట్లు, బడికి నూడుల్స్, సాయంత్రం చిప్సు. అన్నంలోకి వేపుడైతేనే ముట్టుద్దండి" అంది స్టెల్లా.

"పప్పు, ఆకుకూర, మజ్జిగ?"

స్టెల్లా తల అడ్డంగా ఊపింది.

"జలుబు చేస్తే?"

"షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసేస్తామండి" అన్నాడు బెంజమిన్, కాస్త గర్వంగానే.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం తినే పీచే వాటికి తిండి. మీరు వాటిని పస్తులు పెట్టి, పైగా అయినదానికీ కానిదానికీ మందు కొడుతున్నారు. పప్పూ, ఆకుకూరా, పెరుగూ మెల్లగా అలవాటు చెయ్యండి. ఒక్కరోజులో బాగవదు. అర్థమైందా?"

"అయిందండి."

అతనికి అర్థమైనంతగా ఇంకెవరికీ అయ్యుండదు. రోజూ పొద్దున్నే చెరువులో మేత పళ్లెం లేపి, రొయ్యని వెలుతురుకెత్తి, వీపులో నల్లగా కనపడే పేగు గీత తెగకుండా ఉందా అని చూసిగాని మేత వెయ్యడు. గీత తెగితే రొయ్య పేగు బాగోలేదని మేత తగ్గించి, నీలం డ్రమ్ములో తవుడూ బెల్లమూ మంచి బాక్టీరియా పొడీ పులియబెట్టి పట్టిస్తాడు. యాంటీబయాటిక్ వాడాడని పక్క చెరువు ఏడుకొండల్ని నలుగుర్లో కడిగేసింది కూడా ఇతనే.

బస్సులో ప్రీతి అతని ఒళ్లో తల పెట్టుకుంది. ఇదే పిల్ల నాలుగేళ్లప్పుడు, నాన్నమ్మ హన్నమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి పెడితే గిన్నె నాకేది. ఆపించింది బెంజమినే. మొదటి పంట కలిసొచ్చిన ఏడు, ఇంటికొచ్చిన మేత కంపెనీ వాళ్ల ముందుకి పిల్ల ఆ గిన్నెతో వచ్చేసింది. వాళ్లు అలా వెళ్లగానే, "కూలోళ్ల కూడు నా కూతురికి పెడతావా?" అని గిన్నె లాక్కుని కుడితిలో పారబోశాడు. అమ్మ ఆ కుడితి గోళెం వైపే చూస్తూ నిలబడింది. ఆ కూడు తినే తను అంతవాడయ్యాడు.

ఇల్లు చేరేసరికి హన్నమ్మ వరండాలో తోటకూర వలుస్తోంది. బెంజమిన్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, రేపట్నుంచి పిల్లకి చద్దన్నం పెట్టమ్మా. కడుపులో మంచి జీవులుంటాయంట. మన డ్రమ్ములో పెంచుతామే, అలాంటివే. మనం తినేదాన్ని బట్టే అయ్యి బతుకుతాయంట."

హన్నమ్మ తలెత్తలేదు. కాడ విరిచి పళ్లెంలో వేసింది.

"రొయ్యకి పేగు చూసి మేత వేస్తావు. కన్నకూతురికి ఏం చూసి వేశావురా?"